జైపూరులో అత్తమ్మ తిన్న కచోరి

పురసవాక్కం, చెన్నై
9-2-1998

వాసంతి వదినకు నమస్కారాలు.

ఉత్తరాది యాత్ర ముగించుకుని అత్తమ్మా నేనూ మొన్న క్షేమంగా ఇల్లు చేరాం. మీ అమ్మ రోడ్డు మీద నిలబడి ఉల్లిపాయ కచోరి తిన్నదని మాతో వచ్చిన మంగళ పిన్ని మీకు ఫోను చేసిందట. నిజమే వదినా.

మామయ్య పోయిన ఈ రెండేళ్లలో ఆమె ఏదీ అడిగి తినలేదు. కాశీలో, మథురలో గుళ్లన్నీ తిరిగినా రెండు ముద్దలతోనే లేచేవారు. జైపూరు ప్యాలెస్ చూసి బయటికి వస్తుంటే మాత్రం ఆగిపోయారు.

"ఆడ ఏందో వేయిస్తా ఉండారే. నాకొకటి కొనియ్యమ్మా" అన్నారు.

పిన్ని అందరి ముందే, "మొగుడు పోయినదానివి, ఉల్లిపాయ తింటావా అక్కా?" అంది.

"ఆకలేస్తా ఉంది మంగళా" అన్నారు అత్తమ్మ. తిని, ఇంకొకటి అడిగారు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

కొనిపెట్టింది నేనే. కోపముంటే నన్ను తిట్టండి, ఆమెను మాత్రం ఏమీ అనకండి.

ఎండలు ముదరకముందే మైసూరు ప్యాలెస్ చూడాలంటున్నారు. "వాసంతి కూడా వస్తాదేమో అడుగు" అని పొద్దున నాతో అన్నారు. అందుకే రాస్తున్నాను. వస్తారా?

మీ మరదలు