నీలం బండికి కూడా రెక్క

ఫిబ్రవరి 3, మంగళవారం

పసుపు బండి పని అయిపోయింది. యాభై ఏళ్ల నాటి అమెరికా బండి... వెనక బల్లంత రెక్క, కింద ఊదారంగు లైట్లు, చక్రాలకు బంగారు పూత. బానెట్ మీద గాలి పీల్చే మూతి — ఉత్త ప్లాస్టిక్, కింద చిల్లు కూడా లేదు. బిగించింది నేనే. అర్బాబు చెప్పాడు, బిగించాను. గ్యారేజీ ఆయనది, బండ్లు ఆయనవి, నా వీసా ఆయన చేతిలో.

ఫిబ్రవరి 5, గురువారం

రేపు మస్కట్‌లో పాత బండ్ల షో. రెండూ పోతున్నాయి — ఆ పసుపుదీ, నా నీలందీ. నాదట! నాది కాదు. కానీ దాని వెనక మడ్‌గార్డు అంచును తుప్పు తినేస్తే కొత్తది ఎక్కడా దొరకలేదు. రేకు తెచ్చి, సుత్తితో కొట్టి కొట్టి ఆ వంపు తెచ్చింది నేను. లప్పం తక్కువ, అంతా రేకే. నిమిరితే అతుకు తెలియదు. బండి మొత్తం కంపెనీ నుంచి వచ్చిన నాటిలాగే నిలబెట్టాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

షో. ఛీ.

అక్కడికొచ్చిన బండ్లలో ఒకదానికి టైర్లు బయటికి పొడుచుకొచ్చాయి. ఇంకోదానికి సీట్లన్నీ పాము చర్మం డిజైను. మా పసుపుదాని చుట్టూ తిరునాళ్లే — ఫోన్లు, ఈలలు. నీలందాని దగ్గర ఒక్క ముసలాయన. తలుపు మెల్లగా వేసి, ఆ చప్పుడు విని నవ్వుకున్నాడు. అంతే.

బహుమతి పసుపుదానికి. అర్బాబు నన్ను స్టేజి ఎక్కించి భుజం మీద చెయ్యేశాడు. ఫోటోలో నా పళ్లన్నీ కనిపిస్తున్నాయి. సిగ్గులేదు నాకు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున్నే అర్బాబు హుకుం — నీలందీ అలాగే చెయ్. రెక్క, లైట్లు, వెడల్పు టైర్లు. టైర్లు పట్టేలా వెనక మడ్‌గార్డులు కోసెయ్. రంజాన్ లోపు ఖలాస్.

ఇదొక్కటి వదిలేయండి అర్బాబ్ అన్నాను, నాకొచ్చిన హిందీలో. ఆయన కోప్పడలేదు. "అదీ నీ చేతి పనే, ఇదీ నీ చేతి పనే. జనం దేని దగ్గర నిలబడ్డారు?" అన్నాడు.

ఒళ్లు మండిపోతోంది.

ఫిబ్రవరి 9, సోమవారం

రూములో మల్లేశన్నకు చెప్పాను. అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"బండి ఆయనది. నడుమ నీకేంది నొప్పి?"

నువ్వు సైట్‌లో కట్టిన గోడను నిన్నే కూలగొట్టమంటే కూలగొడతావా అని నిలదీశాను. కూలగొట్టాడట. ఒకసారి కాదు.

"ఆ దినం అన్నం తినబుద్ధి గాలె" అని, ప్లేటు కడగడానికి లేచాడు.

ఫిబ్రవరి 10, మంగళవారం

కోయనన్నాను. నోరు తెరిచి అనేశాను.

సరే, రఫీక్ కోస్తాడన్నాడు అర్బాబు. అంత తేలిగ్గా. రఫీక్ నా పక్కనే పని చేస్తాడు, మంచివాడే పాపం... కానీ రేకు కోసే గ్రైండర్ పట్టుకుంటే కట్టెలు కొట్టినట్టే.

ఫిబ్రవరి 12, గురువారం

కోసే చోట గుర్తుగా రఫీక్ టేపు అంటించాడు. వంకర టింకర. చూడలేకపోయాను. పీకేసి నేనే వేశాను, వంపు వెంట, తీరుగా. ఎందుకు వేశానో... దరిద్రపు చేతులు, ఊరుకోవు.

రఫీక్ సంబరపడ్డాడు. గ్రైండర్ నా వైపు చాపి, నువ్వు కోస్తావా, నన్ను కోయమంటావా అని అడిగాడు.

టీ తాగొస్తానని బయటికొచ్చాను. టీ చల్లారిపోయింది. లోపల ఇంకా చప్పుడు మొదలవలేదు. నాకోసమే ఆగినట్టున్నాడు.