పసుపు రాసిన సీసా

అమ్మకి ఝాన్సీ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, మన నుయ్యే బాగులేదు.

నువ్వు పంపిన రెండు సీసాల నీళ్ళూ మా ల్యాబులో పరీక్ష చేసేను. నీళ్ళలో పాదరసం ఉంటే మేం తయారుచేసిన పొడి ఊదారంగు దీపం కింద నీలంగా వెలుగుతుంది, లేకపోతే చీకటిగా ఉంటుంది. మొదటి సీసా పొడి వెయ్యకముందే పచ్చగా వెలిగింది. మా సార్ మూత తీసి చూసి, "మీ అమ్మగారు సీసా మూతికి పసుపు రాసేరమ్మా, పసుపు కూడా ఈ దీపానికి వెలుగుతుంది" అన్నారు. అందరం నవ్వుకున్నాం. పసుపు రాయని రెండో సీసాలో పొడి వేసేక ఎవరూ నవ్వలేదు. నీలం. మూడుసార్లు చేసేను అమ్మా.

పాదరసం ఎక్కణ్ణించి వచ్చిందో ఇంకా తెలీదు. ఫోనులో చెబితే "మన నూతినీళ్ళకేటయిందే, తేనెలాగున్నాయి" అని పెట్టేసేవు. అది రుచికి తెలీదు, కాచినా పోదు. కడుపుతో ఉన్న చెల్లి రోజాకి ఒక్క చుక్క ఇవ్వకు. దానికి కుళాయి నీళ్ళే పట్టు. ఈ కార్డు గిలక స్తంభానికి అంటించు, నీళ్ళకొచ్చే వాళ్ళంతా చదవాలి.

నాన్న కాలికి కట్టు మార్పించేరా? చెరుకు నరకడం అయిందా? బెల్లం పంపకు, ఇంకా ఉంది.

పాదరసాన్ని పట్టి ఉంచే వడపోత ఒకటి చేస్తున్నాం. రోజా పురుడు పోసుకుని, నూతికి పసుపూ కుంకుమా పెట్టి మొదటిసారి చేద వేసే రోజుకి తెస్తాను. ఆ రోజు మన నీళ్ళు దీపం కింద చీకటిగా ఉండాలని మొక్కుకో.

నీ ఝాన్సీ