బండోడి రికార్డు

ఏప్రిల్ 9, 2006. ఆదివారం

ఒప్పుకున్నాడు. టీవీలో. నీలం కోటు వేసుకుని, పక్కన పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని. అవును, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నాను అన్నాడు. రికార్డు కొట్టిన 2001లో కూడానా అని ఆ యాంకరమ్మాయి అడిగింది. కాసేపు బూట్ల వంక చూసుకుని, ఆ ఏడు కూడా అన్నాడు.

ఆ ఏడు కూడా...

దొంగ వెధవ. అది నా ఏడు. అమెరికాలో నా మొదటి ఏడు. అందులో తలుచుకోవడానికి పనికొచ్చేది ఏదైనా ఉంటే ఈ బండోడు బేస్‌బాల్‌లో కొట్టిన హోమ్ రన్లే.

ఇడ్లీలు చల్లారిపోయాయి. "ఏమవుతాడు మీకు, మేనత్త కొడుకా?" అంది పద్మ. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 10

క్లోజెట్‌లో సూట్‌కేసు అడుగున నోటుబుక్కు దొరికింది. పొడుగాటి రూళ్ల పుస్తకం. అట్ట ఊడింది. లోపలంతా అప్పటి నా రూమ్మేటు రమణ దస్తూరీ, ముత్యాల్లాంటి అంకెలు.

2001, దిగిన కొత్త. షామ్‌బర్గ్ ఊళ్లో గెస్ట్ హౌస్. రెండు గదులు, ఆరుగురం. కన్సల్టెన్సీ వాడు పట్టుకొచ్చి పడేశాడు. ప్రాజెక్టు లేదు, జీతం లేదు, కారు లేదు. ఉన్నది ఒక టీవీ. అందులో ఈ ఆట. ఎవడికీ ముక్క అర్థం కాలేదు. రమణ వరంగల్‌లో కాలేజీ క్రికెట్ టీంకి స్కోరరు. వారం రోజులు కన్నార్పకుండా చూసి, స్కేలు పెట్టి గీతలు గీసి, బేస్‌బాల్‌ని మన క్రికెట్ స్కోరు పుస్తకంలోకి దించాడు. వృథా అయిన బంతికి చుక్క. హోమ్ రన్ అయితే, అంటే మన సిక్సరు లాంటిది, పేరు చుట్టూ సున్నా. థర్డ్ బేస్ దగ్గర దుక్కలా నిలబడే ఆ మనిషికి బండోడు అని పేరు పెట్టిందీ వాడే. బండోడు కొడితే ఆరుగురం ఎగిరేవాళ్లం, కింది ఫ్లాట్ ముసలామె చీపురుకర్రతో సీలింగు పొడిచేది.

బండోడు తన టీంలో ముప్ఫై ఏళ్ల నాటి రికార్డు దాటిన రోజు సేమ్యా పాయసం చేశాం. ఆరుగురిలో ఒక్కడికీ ఉద్యోగం లేదు. పాయసం.

ఆ పాయసం ఇప్పుడు కక్కాలనిపిస్తోంది.

ఏప్రిల్ 12

రికార్డు తీసెయ్యరట. టీం వాళ్లు చెప్పారు. పుస్తకంలో పేరు అలాగే ఉంటుందట, అప్పట్లో రూలు లేదు కాబట్టి.

కనీసం పక్కన ఒక స్టార్ గుర్తు పెట్టండిరా. కింద చిన్నక్షరాల్లో ఒక్క వాక్యం, సూదులతో కొట్టినవి అని. ఎవడి సొమ్ము పోయింది?

ఏప్రిల్ 13

కారులో రేడియో కట్టేశాను. వాడి గోలే. "ఆ రోజుల్లో అందరూ తీసుకున్నారు, నేనొక్కణ్ణే కాదు..."

అందరూ అంటే ఎవరు? తీసుకోనివాడు ఒక్కడున్నా అది అందరూ కాదు. ఈ ముక్క వాడి మొహాన చెప్పేవాడే లేడా ఈ దేశంలో.

ఏప్రిల్ 15. శనివారం

రమణకి ఫోన్ చేశాను. వాడు అర్కాన్సాలో, బెంటన్‌విల్‌లో ఉన్నాడు, ఇప్పటికీ టెస్టింగ్‌లోనే. అరగంట బండోణ్ణి తిట్టాను. వాడు వింటూ కూర్చున్నాడు, కుక్కర్ విజిల్ వినపడుతోంది.

"గిన్ని రోజులకు తెలిసిందారా నీకు?" అన్నాడు. "నాకు ఆ ఏడే డౌటొచ్చింది. మెడ చూసినవా వానిది? ఆరు నెలల్ల మనిషి మెడ గట్ల పెరుగుతదా?"

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు మస్తు ఖుషీగుంటివి. ఎందుకు చెప్పాలె?"

ఏప్రిల్ 18

లాయరు నుంచి మెయిల్. గ్రీన్ కార్డు ఫైల్‌కి హైదరాబాద్ కంపెనీ నుంచి అనుభవం ఉత్తరం కావాలట. ఐదేళ్లకి.

ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. అదే రాశాను. గంటలో జవాబు వచ్చింది. కంపెనీ లేకపోతే, మీతో కలిసి పనిచేసిన ఒక సహోద్యోగి నోటరీ ముందు ప్రమాణం చేసి రాసిచ్చినా చాలు. మే పన్నెండు లోపల పంపండి.

మెయిల్ మూసేశాను.

సాయంత్రం ఆటలో బండోడి పాత టీం ఓడిపోయింది. బాగా అయింది.

ఏప్రిల్ 20

ఎడ్‌తో లంచ్. ఆఫీసులో నా పక్క క్యూబ్ మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. నేను మళ్లీ స్టార్ గుర్తు పాట ఎత్తుకున్నాను. ఆయన శాండ్‌విచ్ కింద పెట్టి, మా అక్క కొడుకు సంగతి నీకు చెప్పానా అన్నాడు.

ఆ కుర్రాడూ థర్డ్ బేసే. చిన్న లీగులో నాలుగేళ్లు ఆడాడట. పైకి పిలుస్తారనుకున్న ఏడు, సూది వేసుకోమని తోటివాళ్లు చెప్పారట. వేసుకోలేదు. పక్కవాడు వేసుకున్నాడు, పైకి వెళ్లాడు. ఈ కుర్రాడు ఇప్పుడు పియోరియాలో ఇళ్లకు కప్పులు వేస్తున్నాడు.

"రికార్డు పక్కన స్టార్ పెడతారు, సరే. పుస్తకంలోకే రాని మావాడి పక్కన ఏం పెడతారు?"

కాఫీ తెచ్చుకోవాలని లేచాను. కప్పు బల్ల మీదే మరిచిపోయి వెళ్లాను.

ఏప్రిల్ 23. ఆదివారం

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

ఐదేళ్లు కాదు. రెండు. 96లో డిగ్రీ అయింది. తర్వాత మూడేళ్లు సత్తెనపల్లిలో బాబాయి ఎరువుల షాపులో కూర్చున్నాను, యూరియా బస్తాలు లెక్కపెడుతూ. ఆ తర్వాత హైదరాబాద్, కోర్సు, ఆ కంపెనీ. అక్కడే రమణ పరిచయం. ఇద్దరం ఒకే రోజు చేరాం, ఒకే రోజు మానేశాం.

గెస్ట్ హౌస్‌కి కన్సల్టెన్సీ వాడు లాప్‌టాప్ పట్టుకొచ్చి వరసగా అందరి రెజ్యుమేల్లోనూ మూడేళ్లు కలిపాడు. "అందరూ పెట్టేదే బ్రదర్. క్లయింటుకి ఐదు కావాలి, ఐదు ఇద్దాం." నా షాపు మూడేళ్లు ఆ కంపెనీలో కలిసిపోయాయి. రమణది కూడా అలాగే మార్చబోతే వాడు లాప్‌టాప్ మూత వేసేశాడు. "ఆ మూడేండ్లు నేను ట్యూషన్ సెంటర్ల లెక్కలు చెప్పిన. గదే రాయి." కన్సల్టెన్సీ వాడు నవ్వాడు. మేం కూడా నవ్వాం. నేనూ నవ్వాను.

ఒకే క్లయింటు. ఒకటే సీటు. ఒకే రోజు ఇద్దరికీ ఇంటర్వ్యూ.

నోటుబుక్కులో ఆ తేదీ వెతికాను. ఉంది. బండోడు ఆ రోజు రెండు కొట్టాడు. మార్జిన్‌లో రమణ నా పేరు రాశాడు, "మురళికి ప్రాజెక్టు". చుట్టూ సున్నా. హోమ్ రన్ సున్నా.

ఏప్రిల్ 24

కానీ నాకు పని వచ్చు. ఐదేళ్లుగా ఆ క్లయింటు నన్ను వదల్లేదు. ఊరికే ఉంచుకుంటారా? పని రానివాడు నెలలో బయటికి పోయేవాడు.

ఏప్రిల్ 25

పద్మకి చెప్పాను. చెప్పాల్సి వచ్చింది, వీసా వచ్చే మార్చితో అయిపోతుంది, ఈ ఫైలు కదలకపోతే ఊరికి సామాను సర్దుకోవాల్సిందే. గ్రీన్ కార్డుకి ముందుగా పెట్టే లేబర్ ఫారం మీద ఐదు అని పోయినేడాదే సంతకం పెట్టేశాను.

గిన్నె తోముతూ ఆగింది. "పెళ్లి మాటల్లో మా నాన్నకీ ఐదనే చెప్పారు మీవాళ్లు."

"నాకు పని వచ్చు పద్మా."

"బండోడికి మాత్రం కొట్టడం రాదా?"

గట్టిగా అరిచాను. ఆటకీ ఉద్యోగానికీ పోలికేంటి, నీకేం తెలుసు, అక్కడ ఆరుగురం ఎలా బతికామో... ఆవిడ గిన్నె కడిగి బోర్లించింది. నేను అరుస్తూనే ఉన్నాను.

ఏప్రిల్ 29. శనివారం

రమణకి ఫోన్ చేశాను. ముందు బండోడి గురించి మాట్లాడాను. తర్వాత వాతావరణం. తర్వాత వాళ్ల పాప స్కూలు. వాడే అన్నాడు, "చెప్పు, ఏం పని పడ్డది?"

చెప్పాను. ఆ కంపెనీలో నాతో పనిచేసినవాడివి నువ్వే. వేరే ఎవరి నంబరూ లేదు. లాయరు డ్రాఫ్టు పంపుతుంది, సంతకం చేసి నోటరీ వేయించడమే. ఒక్క పేజీ. మన దగ్గర అందరూ ఒకరికొకరు ఇచ్చుకునేదే.

అటు టీవీ గొంతు తగ్గించాడు.

"డ్రాఫ్టు పంపించు. చూస్త."

ఏప్రిల్ 30

చూస్త అంటే చేస్తాడనే. రమణ నా మాట ఎప్పుడు కాదన్నాడు?

గ్రీన్ కార్డుకి వాడిది పొడుగు లైను. రెండేళ్ల అనుభవం వాళ్ల లైను. వాడి కార్డు ఎప్పుడొస్తుందో వాడికే తెలియదు. ఐదేళ్లున్నాయని నాది చిన్న లైను. ఇది ఎప్పుడూ ఇద్దరం మాట్లాడుకోలేదు. వాళ్ల పాప పుట్టినరోజుకి వెళ్లినప్పుడు కూడా.

మే 3

ఫోన్ లేదు. మెయిల్ లేదు. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు.

కోపం వస్తోంది. ఒక్క సంతకం. సొమ్ము అడగలేదు, కిడ్నీ అడగలేదు. వాడేదో హరిశ్చంద్రుడైనట్టు, మేమంతా దొంగలమైనట్టు. గెస్ట్ హౌస్‌లో వాడికి జ్వరమొస్తే రాత్రింబవళ్లు ఎవడు కూర్చున్నాడు?

మే 5

ఆఫీసులో ఎడ్ పేపరు ముక్క తెచ్చి నా కీబోర్డు మీద పెట్టాడు. బండోడి జెర్సీ నంబరు బోర్డు మీద రాసి స్టేడియం గోడకి కడతారట, అభిమానులు అడిగారట. "నీకు నచ్చదని తెలుసు" అన్నాడు నవ్వుతూ.

మామూలుగా అయితే గంటసేపు తిట్టేవాణ్ణి. ఆ ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎడ్ ఇంకా ఏదో వింటానన్నట్టు నిలబడ్డాడు.

మే 7. ఆదివారం

ఆ రోజు అరిచినప్పటి నుంచి పద్మ అవసరానికి మించి మాట్లాడడం లేదు. పప్పు, చారు, కారు తాళాలు. అంతే.

మే 10

కవరు వచ్చింది. అర్కాన్సా పోస్టు ముద్ర. లాయరుకి పంపకుండా నాకే పంపాడు.

పార్కింగ్ లాట్‌లో, కారు డోరు తెరిచి నిలబడే చింపాను. నోటరీ సీలు ఉంది. సంతకం ఉంది, పొందికగా, ముత్యాల్లా. నా పేరు, కంపెనీ పేరు, నేను చేసిన పనులన్నీ రాశాడు, నేను మరిచిపోయినవి కూడా. నేను మంచి ప్రోగ్రామర్నని రాశాడు. నా అంత ఓపిక ఎవరిలోనూ చూడలేదని రాశాడు.

1999 నుంచి 2001 వరకు అని రాశాడు. రెండేళ్లు.

లాయరు డ్రాఫ్టులో ఐదు అని ఉంది. దాన్ని పక్కన పెట్టి తనే మొత్తం టైపు చేసుకున్నాడు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు.

"ఇది నాకెందుకు పనికొస్తుందిరా? దీనికంటే నేను చెయ్యనని ముందే చెప్పుంటే అయిపోయేది కదా."

"నీతోని రెండేండ్లు చేసిన. అబద్ధం రాయలేను, ఊకుండలేను. చేసింది రాసిన."

"ఐదేళ్ల నుంచి ఇది మనసులో పెట్టుకున్నావు నువ్వు. ఆ సీటు..."

"పెట్టుకుంటే ఆ రోజు నీ పేరుకు సున్నా ఎందుకు చుడ్తరా?"

ఫోన్ నేనే కట్ చేశాను. ఎవరి మీద కోపమో తెలియడం లేదు. డోరు వేస్తుంటే వేలు నలిగింది. గోరు నల్లబడింది, ఇది రాస్తుంటే పోటు పెడుతోంది.

మే 11

కవరులో ఇంకో చిన్న కాగితం ఉందని పద్మ చెప్పింది. నేను చూడలేదు. ఆవిడే చదివి వినిపించింది, వాడి యాసలోనే చదవబోయి మధ్యలో మామూలు గొంతుకి వచ్చేసింది.

"నోటుబుక్కు నీ దగ్గరనే ఉంచుకో. వాడు సూదులతోని కొట్టిండు కావొచ్చు గని, మనం చూసింది చూసినట్టే రాసినం. అండ్ల నేను తప్పు రాసింది ఒక్కటి లేదు."

చదివి, కాగితం మడిచి నా ముందు పెట్టింది. అన్నం వడ్డించింది. రెండు వారాల తర్వాత నా పక్కన కూర్చుంది.

"ఏం చేస్తారు?"

రెండు కాగితాలూ బల్ల మీద ఉన్నాయి. లాయరు ఐదు. రమణ రెండు. ఐదున్నదాని కింద సంతకం పెట్టే మనిషిని ఇంకొకణ్ణి వెతకొచ్చు, ఆష్‌బర్న్‌లో ఒకడున్నాడు, అడిగితే అందరికీ ఇస్తాడట. నంబరు కూడా ఉంది. రెండున్నది పంపితే పోయినేడాది పెట్టిన సంతకం గురించి అడుగుతారు.

నోటుబుక్కు తెరిచాను. మురళికి ప్రాజెక్టు. చుట్టూ సున్నా, పెన్సిలు ఇంకా చెరగలేదు. నెల రోజులుగా ఊరందరికీ చెబుతున్న స్టార్ గుర్తు ఎక్కడ పెట్టాలో నాకు కనిపిస్తూనే ఉంది. పెన్సిలు చేతిలో ఉంది. వేలు నొప్పిగా ఉంది అనుకుని పక్కన పెట్టాను.

రేపు పదింటికి లాయరు ఫోన్ చేస్తుంది. ఎన్నేళ్లు అని అడుగుతుంది.