చర్చి తివాచీ మా ఇంటికొచ్చింది

నర్సీపట్నం,
3 ఏప్రిల్ 1997

ప్రియమైన జెన్నీ అక్కకి,

వందనాలు. ఇక్కడ క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. చర్చిలో పెళ్లికూతురు నడిచే తివాచీని స్త్రీల సమాజం వాళ్లు ఏడాదికొకరింట్లో ఉంచుతారు. ఈ ఏడు వంతు మాది. సమాజం పెద్ద సువర్ణమ్మగారు అందరి ముందూ, "పట్నం పిల్ల! జంపఖానా ఉతికినట్టు బండకేసి బాదేస్తాది, సూడండి" అన్నారు. నిన్న గాలి తగలాలని పరిస్తే, మా ఆయన దానిమీద గ్లాసుడు టీ ఒలకబోశారు. వచ్చే నెల జీవరాజుగారమ్మాయి పెళ్లి. ఆవిడ మాటే నిజమైతే ఈ ఊళ్లో నేనిక తలెత్తుకోలేను. బేగి రాయి.

నీ చెల్లి,
ఎస్తర్ రాణి

విశాఖపట్నం,
9 ఏప్రిల్

ప్రియమైన ఎస్తరూ,

ముందు ఏడుపు ఆపు. జంపఖానా నూలుది. కుంకుడురసంలో నానబెట్టి బాదినా, ఎండలో ఆరేసినా ఓర్చుకుంటుంది. తివాచీ ఉన్నిది, దానికి గారాబం ఎక్కువ. రుద్దకు, వేడినీళ్లు తగలనివ్వకు. కుంకుళ్ల నురగ మాత్రం తీసి అద్ది, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో నొక్కు. నీడలోనే ఆరాలి. మీ ఆయన క్రిస్టఫర్‌ని ఇకమీదట టీ అరుగు మీద తాగమను.

నీ అక్క,
జెన్నీ

నర్సీపట్నం,
17 ఏప్రిల్

అక్కా,

కొంప మునిగింది! మరక పోయింది, దాంతోపాటు తివాచీ రంగూ పోయింది. అందరూ ఎరిగిన ముదురు మెరూన్ రంగు మధ్యలో పళ్లెమంత మేర మందార రంగు తేలింది. అందులో పచ్చటి ఆకొకటి కనిపిస్తోంది. పెళ్లికి ముందురోజు చూడ్డానికొస్తానని సువర్ణమ్మగారు కబురంపారు. ఆవిడకి ఏ మొహం చూపించను?

ఎస్తర్

విశాఖపట్నం,
22 ఏప్రిల్

పిచ్చి ఎస్తరూ,

రంగు పోతే ఆకెలా వస్తుందే? తెల్లగుడ్డ తడిపి ఓ మూల అద్ది చూడు. ఎర్రగా అంటితే రంగు, అక్కడితో ఆపెయ్. నల్లగా అంటితే మట్టి. బోర్లించి బాగా దులిపి, మొత్తం కానిచ్చెయ్.

ధైర్యంగా ఉండమంటూ,
అక్క

నర్సీపట్నం,
12 మే

ప్రియాతిప్రియమైన అక్కకి,

గుడ్డ బొగ్గులా వచ్చింది! నేనూ ఆయనా తివాచీని బోర్లించి దులిపితే వీధి వీధంతా తుమ్మింది. తర్వాత జానెడు జానెడే నురగ పెట్టి తుడిచాను. అంచుల వెంట తీగలు, ఆకులు, మధ్యలో ఎర్రెర్రటి పూలు!

సువర్ణమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది మనది కాదు! మనదాన్నేటి సేసినావు?" అని కేకేశారు. అంతలోనే ఆవిడ వంగి ఓ పువ్వు మీద చెయ్యేసి, అలాగే కూలబడ్డారు. "నా పెళ్లికి ఇలాగే ఉండీది. సిగ్గుతో తలొంచుకుని ఈ పూలే సూసుకుంటా నడిసినాను" అన్నారు. ఇద్దరం ఏడ్చాం అక్కా. నాకైతే సంతోషం పట్టలేక.

పెళ్లిలో పాట మొదలవగానే పెళ్లికూతురి కన్నా ముందు ఆవిడే నడిచేశారు! చర్చి అంతా నవ్వింది. భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో కూడా ఓ తివాచీ ఉందమ్మా. ఓపాలి సూత్తావేటి?" అని అడిగారు.

గబుక్కున ఒప్పుకుంటానా? కాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాను.

గెలిచిన నీ చెల్లి,
ఎస్తర్ రాణి