తలుపులు తీసిన నాన్న

చెల్లెమ్మకు అన్నయ్య బోలెడన్ని ఆశీస్సులు.

"ఉద్యోగం పోయిన పిల్ల పాత సినిమాలు చూస్తూ ఫోన్ ముందు ఇకిలిస్తుంటే చోద్యం చూస్తున్నావా? మానిపించు" అని రాశావు. మానిపించను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆఫీసువాళ్ళు పొమ్మన్నాక నీ మేనకోడలు గదిలోంచి బయటికే వచ్చేది కాదు. అలాంటిది ఇప్పుడు మన కాలపు సినిమాలు మొదటిసారి చూస్తూ, తోచిన మాటలంటూ వీడియోలు తీస్తోంది. మొన్న ఆదివారం నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. హీరో కొండ మీంచి దొర్లిపడ్డా జుట్టు చెదరలేదు. "నాన్నా, ఆ నూనె ఏదో కనుక్కో. నీకు మిగిలిన నాలుగు వెంట్రుకలకీ రాద్దాం!" అంది. ఎంత చమత్కారమో చూశావా!

ఆఖరి ఫైటింగ్ మొదలవగానే నేను లేచి వెళ్ళి వీధి తలుపులు బార్లా తీశాను. జీవితమంతా సినిమా హాలు గేటు దగ్గర పనిచేసినవాణ్ణి కదా, కాళ్ళు వాటంతటవే కదిలాయి.

"ఎవర్ని పంపిద్దామని నాన్నా? హాల్లో ఉన్నది మనిద్దరమే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ వీడియో ఊరూరా చూస్తున్నారట. పాలవాడు కూడా "మీ అమ్మాయి భలే మాట్లాడుతుందండీ" అన్నాడు. నాకు ఏనుగెక్కినట్టయింది.

ఇన్నేళ్ళూ నేను ఏ సినిమా ముగింపూ చూడలేదమ్మా. బయటికొచ్చే జనం మొహాలు చూసి సుఖాంతమో కాదో పోల్చుకునేవాణ్ణి. అది విని అమ్మాయి నాకోసం ఆఖరి రీలు మళ్ళీ వేసింది. నేను మాత్రం అలవాటు కొద్దీ తెర వదిలేసి దాని మొహమే చూశాను.

సుఖాంతమే, చెల్లెమ్మా.

నీ అన్నయ్య