లివర్ తుపాకీ, అత్తమ్మ మక్కచేను

సెప్టెంబర్ 7, ఆదివారం

తుపాకీ కొంటున్నాను. ఇంట్లో ఎవరు ఏమన్నా సరే.

నలభై నాలుగేళ్లు వచ్చాయి. మహబూబాబాద్‌లో పిల్లలకు హిందీ చెప్తాను. బిడ్డ హైదరాబాద్ హాస్టల్‌లో. మా ఆయన శ్రీపాల్‌కు భూపాలపల్లి పవర్ ప్లాంట్‌లో డ్యూటీ, శనివారం వస్తాడు, ఆదివారమంతా నిద్రపోతాడు. అందుకే నెల రోజులుగా ఆదివారం పొద్దున్నే రైలెక్కి జనగామ పోతున్నాను. అక్కడ పూజ అనే అమ్మాయి మూతబడ్డ రైస్‌మిల్లు గోడౌన్‌లో షూటింగ్ రేంజ్ పెట్టింది. మరిపెడ దగ్గరి తండా పిల్ల. ఎన్‌సీసీలో రాష్ట్రం తరఫున ఆడింది.

ఆ పిల్ల నిలబడితే చూడాలి. మనిషి ఇంతే ఉంటుంది. రైఫిల్ ఎత్తిందంటే గోడౌన్‌లో పావురాలు కూడా మెదలవు. పెదవులు కదుపుతూ తన లంబాడీ భాషలో ఏవో అంకెలు లెక్కపెట్టుకుంటుంది. టప్. అంతే. కాగితం నడుమ గుండ్రంలో రంధ్రం. ఒక్కసారి కూడా గొప్ప చెప్పుకోదు. నాకైతే కుళ్లుగా ఉంటుంది, ముద్దుగా కూడా ఉంటుంది.

సెప్టెంబర్ 8

శ్రీపాల్ ఫోన్‌లో ఒకే ఒక్క మాట అడిగాడు. ఎందుకు?

సెప్టెంబర్ 14, ఆదివారం

నా మనసులో ఉన్న తుపాకీ వేరు. చిన్నప్పుడు పక్కింటి టీవీలో ఇంగ్లీషు సినిమా. గుర్రం మీద మనిషి, చేతిలో లివర్ రైఫిల్. ట్రిగ్గర్ దగ్గరి ఇనుప పిడిని, అదే లివర్‌ను, ఒకసారి ముందుకు తోసి వెనక్కి లాగుతాడు. చక్, చక్. కథ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ చప్పుడు మాత్రం ముప్పై అయిదేళ్లుగా చెవిలో ఉంది.

అదే కావాలని పూజతో అన్నాను. నవ్వలేదు, మంచి పిల్ల. దానికి లైసెన్స్ కావాలని, "ఊకె ఆడుకుంట" అంటే ఏ ఆఫీసరూ సంతకం పెట్టడని చెప్పింది. మొదటి తుపాకీ అయితే గాలితో కొట్టే ఎయిర్ రైఫిల్ తీసుకోమంది, దానికి లైసెన్స్ అక్కర్లేదట. అందులోనూ లివర్‌వి ఉన్నాయట. ఆ మాటకు ప్రాణం లేచి వచ్చింది.

బల్ల మీద మూడు పెట్టింది. మొదటిది స్కోప్ బిగించిన పొడుగాటిది. చూడటానికి పెళ్లికొడుకులా ఉంది, ఎత్తితే భుజం పోయింది. రెండోది గొట్టాన్నే విరిచి గాలి ఎక్కించేది, తేలిక. మూడోది అండర్ లివర్. గొట్టం కింద ఇనుప చేయి, దాన్ని కిందికి లాగితే స్ప్రింగ్ బిగుస్తుంది. గొట్టం కదలదు కాబట్టి గురి చాలాకాలం చెడదట. మామూలు కర్ర పట్టు, పైన అలంకారం ఏమీ లేదు.

ఎట్లా ఎంచుకోవాలని అడిగితే పూజ చెప్పిన పద్ధతి నాకు భలే నచ్చింది. "కండ్లు మూసుకోని భుజానికి ఆనించుండ్రి మేడం. తెరిచినప్పుడు ముందటి సూది ఎనుక గాడిల నిలవడి ఉండాలె. మెడ వంచి ఎతుక్కుంటున్నరంటే అది మీది కాదు" అన్నది. గొట్టం కొసన సూది, కంటి వైపు గాడి, రెండూ కలిస్తేనే గురి. మొదటిదానికి మెడ వంచాను. రెండోదానికి కొంచెం వంచాను. మూడోదానికి కళ్లు తెరిస్తే సూది గాడిలోనే ఉంది. పెళ్లిచూపుల్లో కూడా నాకింత తొందరగా తేలలేదు.

లివర్ లాగడం మాత్రం తేలిక కాదు. మొదట సగం దాకా వచ్చి ఆగింది. తొడకు ఆనించి, ఊపిరి బిగించి లాగాను. ఖటక్. అబ్బ! సినిమా చప్పుడు కాదు, దానికంటే బరువైనది, నాది.

పూజ ఇంకో మాట గట్టిగా చెప్పింది. పెల్లెట్, ఆ చిన్న సీసం గుండు, పెట్టేటప్పుడు లివర్ మీది చేయి తీయొద్దట. జారితే వేలు పోతుందట. మూడుసార్లు నాతో చెప్పించింది. నేను పిల్లలతో ఎక్కాలు చెప్పించినట్టే.

సెప్టెంబర్ 15

స్టాఫ్‌రూమ్‌లో చెప్పి తప్పు చేశాను. అందరూ ఒకటే మాట. కోతుల కోసమా? కాదంటే నమ్మరు. సైన్స్ సార్ అయితే కోతికి ఎక్కడ కొడితే చావకుండా పారిపోతుందో బోర్డు మీద బొమ్మ వేయబోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాగితం మీద కొట్టడానికి అన్నాను. పాపం ఏమైంది ఈమెకు అన్నట్టు చూశారు.

సెప్టెంబర్ 21, ఆదివారం

తెచ్చుకున్నాను. దసరా సెలవులు మొదలు, ఎంగిలిపూల బతుకమ్మ ఇవాళ. ఒక చేతిలో తంగేడు పూలు, ఇంకో చేతిలో తుపాకీ డబ్బా. ఆటోవాడు అద్దంలో నన్నే చూశాడు.

శ్రీపాల్ డబ్బా విప్పలేదు. పక్కకు జరిపి చెప్పాడు. వాళ్ల చిన్నప్పుడు సొంతూరు నర్మెట్ట దిక్కు తుపాకీ అంటే రెండే రకాల మనుషులట. పోలీసులు, అన్నలు. ఎవరు వచ్చినా అత్తమ్మ పిల్లలను మంచం కిందికి తోసి, వాకిట్లో ఒక్కతే నిలబడేదట. "మూడో రకం మనిషిని నిన్నే చూస్తున్న" అన్నాడు. కోపమో మెచ్చుకోలో తెలియలేదు. నేను మెచ్చుకోలు అనే రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. కాళ్లు నొప్పి. తుపాకీ బీరువాలో.

అక్టోబర్ 2, దసరా. నర్మెట్ట

గాంధీ జయంతి నాడే దసరా వచ్చింది. మటన్ దుకాణాలు బంద్ అని ఊరంతా గాంధీ మీద అలిగింది. మా ఇంట్లో మాత్రం తుపాకీకి పూజ.

నేను అడగలేదు. అత్తమ్మే కారులోంచి దించమంది. కొడవళ్లు, గడ్డపార, మందు కొట్టే పంపు, బావి మోటరు స్టార్టర్ డబ్బా, మా కారు, వాటి పక్కన నా రైఫిల్. అన్నిటికీ సమానంగా పసుపు రాసింది. వెనుక గాడి నిండా పసుపు. సూదికి కుంకుమ బొట్టు. నేను నోరు తెరిచేలోపు బంతిపూల దండ కూడా పడింది.

తర్వాత నిమ్మకాయ. బండికైతే చక్రం కింద పెట్టి తొక్కిస్తాం. తుపాకీకి చక్రం లేదు. అత్తమ్మ కాసేపు దాన్ని అటూ ఇటూ చూసింది. "గీ చెయ్యి ఆడుతది గద, గిండ్ల పెట్టు" అని కొడుక్కు చెప్పింది. మా ఇంజనీరు శ్రీపాల్ లివర్‌ను సగం తెరిచి, సందులో నిమ్మకాయ పెట్టి, మూసి నొక్కాడు. పిచక్. రసం లోపలికి కారింది. తల్లీకొడుకులు ఇద్దరూ దండం పెట్టారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మధ్యాహ్నమంతా వాకిట్లో కూర్చుని గుడ్డతో, ఇయర్‌బడ్స్‌తో, కుట్టుమిషన్ నూనెతో తుడిచాను. ఇంకా నిమ్మకాయ వాసనే.

అక్టోబర్ 3, శుక్రవారం. మధ్యాహ్నం

గొడవ అయింది.

పొద్దున అత్తమ్మ చేను చూపిస్తానని తీసుకుపోయింది. మొక్కజొన్న చేను. మక్క కంకులు పాలు గట్టిపడి, విరిచే దశకు వస్తున్నాయి. పోయినేడు సగం చేను కోతుల పాలైంది. ఈసారి మంచె వేసుకుని, రేకు డబ్బా కొడుతూ ఒక్కతే కాస్తోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గొంతు పోయింది. మామయ్య లేడు, కొడుకు భూపాలపల్లిలో. అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతుతోనే అడిగింది. "తుపాకి నా తాన ఇడిసిపో బిడ్డా. చేను ఇరిసినంక తీస్కపో."

కోతిని కొట్టనివ్వను అన్నాను. ఆంజనేయస్వామి అని కాదు. పెల్లెట్ కంట్లో తగిలితే అది చావదు, బతకదు. అదీగాక ఇది నేను ఆడుకోవడానికి కొనుక్కున్నది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

అత్తమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. పూజ అందుకున్న పనిముట్టు ఏదైనా పని చెయ్యాలని, కొడవలి కోస్తుందని, పంపు మందు కొడుతుందని, దీని పనేందని అడిగింది. కాగితం కొట్టడం అన్నాను. "నా చేను కన్న కాగితం ఎక్కువైందా నీకు" అన్నది. డబ్బా కొట్టుకుంటూ చేనులోకి పోయింది.

ప్రతిసారీ బియ్యమో, కందిపప్పో, చింతకాయ తొక్కో కారు నిండా కట్టిస్తుంది. ఈసారి మా సంచి ఖాళీగా తిరిగొచ్చింది.

అక్టోబర్ 4

బడి తెరిచారు. ఖాళీ సంచి తలుపు వెనక వేలాడుతోంది.

అక్టోబర్ 5, ఆదివారం. సాయంత్రం, నర్మెట్ట బస్సులో

శ్రీపాల్‌కు ఈ ఆదివారం డ్యూటీ. రేంజ్ మానేసి, రైఫిల్ డబ్బా పట్టుకుని ఒక్కదాన్నే అత్తమ్మ దగ్గరికి పోయాను. ఇచ్చేద్దామనే పోయాను. నిజం. ఆ మనిషి గొంతు ముందు నా ఆట ఎంత? కానీ నేర్పకుండా ఇవ్వలేను. వేలు పోగొట్టుకుంటుంది.

అందుకే ఒక షరతు పెట్టాను. ముందు కాగితం కొట్టాలి. ఒక్క పెల్లెట్ అయినా నల్ల గుండ్రంలో పడితే అప్పుడు కోతుల మాట. "కాగితం ఏమన్న మక్కలు తింటదా" అని సణిగింది గాని, కొంగు నడుముకు చెక్కింది.

యూరియా సంచుల్లో మట్టి నింపి గట్టుకు ఆనించి, మీద కాగితం గుచ్చాను. లివర్ చూపించాను. నేను తొడకు ఆనించి తంటాలు పడే లివర్‌ను అత్తమ్మ బావిలోంచి చేద లాగినట్టు ఒక్క గుంజు గుంజింది. చేయి తీయొద్దని ఒక్కసారే చెప్పాను. మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

మొదటి పెల్లెట్ సంచికి కూడా తగల్లేదు. రెండోదీ అంతే. తుపాకికే వంకర ఉన్నదని, నిమ్మకాయ సరిగ్గా నలగలేదని అన్నది. ఆడలేక మద్దెల ఓడు. నేను కొట్టి చూపించాను, గుండ్రం అంచున పడింది. అత్తమ్మ చేయి చాపింది, ఇటు తే అన్నట్టు.

తర్వాత మోకాలి మీద కూర్చుంది. చెంప కర్రకు ఆనించింది. ఒక కన్ను మూతపడటం లేదని కొంగుతో కట్టుకుంది. గాజులు తీసి ఒళ్లో వేసుకుంది. గుంజడం, పెట్టడం, కొట్టడం. ఒకటి కాగితం మూలన పడింది. దగ్గరికి పోయి ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసింది. వచ్చి మళ్లీ కూర్చుంది. ఆ వీపు ఎంత నిటారుగా ఉందో! ఈమెను పెళ్లయినప్పటి నుంచి చూస్తున్నాను. పని చేస్తూ చూశాను, తిడుతూ చూశాను, ఏడుస్తూ చూశాను. ఆడుకుంటూ ఎప్పుడూ చూడలేదు. నా కళ్లు నిండాయి, ఎందుకు దాచాలి.

అప్పుడు చేను అవతలి కొస గలగలలాడింది. మంద దిగింది. ఒక్కోటి రెండు చేతులా కంకులు విరుస్తోంది. ఇప్పుడు తుపాకీ అటు తిప్పుతుందనుకున్నాను. అత్తమ్మా, కోతులు, అని అరిచాను. మంచె మీది రేకు డబ్బా కోసం పరుగెత్తబోయాను.

అత్తమ్మ తల తిప్పలేదు. కట్టని కన్ను కాగితం మీదే ఉంది. "ఊకో, జర ఆగు. సూది నిలవడ్డది" అన్నది.

టప్.

అక్టోబర్ 6. పొద్దున

అత్తమ్మ ఫోన్. కోతులకు రెండు సాళ్లు పూర్తిగా పోయాయట. ఆ మాట ఎండ కాసింది అన్నంత మామూలుగా చెప్పింది. వచ్చే ఆదివారం తుపాకీతో పాటు కాగితాలు ఎక్కువ తెమ్మంది. శ్రీపాల్‌ను కూడా తోలుకు రమ్మంది. "కోతులను ఎల్లగొట్ట ఒక మనిషి ఉండాలె గద."