రేడియో గారి మౌనం

అక్టోబరు 12, సోమవారం
కొట్టుకి సెలవు

చెల్లికి,

అక్క ఆశీస్సులు. మరిది గారికి నా నమస్కారాలు. అవి ఆయనకు అందించడం, మానడం నీ ఇష్టం. ఇక్కడ మేమంతా క్షేమం అంటూ మొదలుపెట్టడం అమ్మ నేర్పిన పద్ధతి. ఆ ఒక్క ముక్కా ఈసారి రాయడం లేదు. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

ముందు చిన్న కబుర్లు. మా కళ్ళజోళ్ళ కొట్టులో గోడ మీది అక్షరాల బోర్డు మార్చారు. పాతది అందరికీ కంఠతా వచ్చేసింది, చూపు లేకపోయినా చదివేస్తున్నారు. మీ బావకి బస్సు డ్యూటీ మారింది. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి మధ్యాహ్నం రెండింటికి వస్తారు. నువ్వు మర్చిపోయిన గొడుగు మా తలుపు వెనకే వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటుంది.

రెండు నెలలుగా నువ్వు ఫోను ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే న్యాయం. నా కాపురంలో నీకేం లోటు కనబడిందక్కా అని ఒక్క ముక్క పంపావు. మా ప్రార్థన గుంపులోని బేకరీ ఆవిడ పిన్ని కూతురు మీ వీధిలోనే ఉందని నాకు తెలియదు. మీ గుడిలో ఆడవాళ్ళు నిన్ను పక్కకి పిలిచి, ఇప్పుడు ఇంట్లో మాట్లాడుతున్నారా అని అడుగుతున్నారట కదా. ఇదంతా నా నోటి చలవే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి రెండు ఊళ్ళు పాడయ్యాయి.

అసలు కథ నవంబరులో మొదలైంది. గుడిలో పూజప్పుడు బైబిలు పఠనం చదవడం మానేశానని, గొంతు బాగోలేదని నీకు చెప్పాను. గొంతుకేమీ కాలేదు. ఆ ఆదివారం, కాపరి అని ఉన్నచోట వ్యాపారి అని చదివాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. దేవుణ్ణి పట్టుకుని గొర్రెల వ్యాపారిని చేసేశాను. గుడి గుడంతా నవ్వింది. రోజంతా ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు అమరుస్తూ, నా కళ్ళకి మాత్రం అవసరం లేదని బిగుసుకు కూర్చున్నాను కదా, దాని ఫలం. అప్పటినుంచి కొందరు నన్ను వ్యాపారమ్మ అంటున్నారు. ప్రేమగానే అంటారనుకో.

జనవరిలో ఫాదర్ గారు విచారణ మొత్తాన్ని, అంటే మా గుడికొచ్చే కుటుంబాలన్నిటినీ, చిన్న చిన్న గుంపులుగా విడగొట్టారు. పూజకి పక్కపక్కన కూర్చుంటాం గాని పక్కవాడి పేరు తెలియదు, ఇదేం సంఘం అని ఆయన బాధ. మా గుంపుకి గురువారం సాయంత్రం వచ్చింది. లాండ్రీ కొట్టు పైన, రిటైరైన నర్సమ్మ గారి ముందుగది. ఏడు కుర్చీలు, ఏడూ ఏడు రకాలు. కింద ఇస్త్రీ ఆవిరి, పైన బైబిలు. అక్కడ మైకు లేదు, నిలబడి చదవక్కర్లేదు. అందుకే చేరాను.

చదవడం అయ్యాక ఒక్కొక్కరూ ఒక ప్రార్థన మనవి చెప్పాలి. నర్సమ్మ గారు దాన్ని పుస్తకంలో రాస్తారు. ఆసుపత్రి అలవాటు ఎక్కడికి పోతుంది. పేరు, బాధ, ఎన్నాళ్ళుగా, చివర గుణం అని ఒక గడి. ప్రతి గురువారం పేరు పేరునా గుణం కనిపించిందా అని అడుగుతారు.

మొదటిరోజే గడియారాలు బాగుచేసే ఆయన, అన్నని క్షమించలేకపోతున్నానని చెప్పి రుమాలులో మొహం దాచుకున్నాడు. బేకరీ ఆవిడ తనకి పిల్లల మీద చెయ్యి లేస్తోందని చెప్పింది. అంత చిన్న గదిలో అంత పెద్ద మాటలు. నా వంతు వచ్చింది. నా బాధ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నవంబరులో నవ్వినవాళ్ళలో ముగ్గురు నా ఎదురుగానే ఉన్నారు. అందుకని, మా చెల్లెలి భర్త రెండు నెలలుగా దానితో మాట్లాడటం లేదు, ఆయన నోరు తెరవాలని ప్రార్థించండి అన్నాను.

అవునే. మన రేడియో గారి గురించే. నిద్రలో కూడా వార్తలు చదివే మనిషి గురించి. నా బాధ ఎవరి మీదికి తోయాలన్నా మనవాళ్ళంటూ నాకున్నది నువ్వొక్కదానివే.

ఇక్కడ నీకు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. అది నాకు బాగా నచ్చింది. చెల్లెలి కోసం ఎంత తపిస్తున్నావమ్మా అని నర్సమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేడి కోసం ప్రతి గురువారం ఇంకొంచెం చెప్పాను. ఒకే ఇంట్లో చీటీల మీద కాపురం అని చెప్పాను. ఉప్పు డబ్బా కింద పెట్టే చీటీల గురించి, పాలు అయిపోయాయి, కరెంటు మనిషి వస్తాడు అని రాసుకోవడం గురించి చెప్పాను. గోరంతలు కొండంతలు చెయ్యలేదు, ఒక్కటీ కల్పించలేదు. అన్నీ మా ఇంటివే. ఇల్లు మాత్రం మార్చాను. మీ బావ నాతో మాట్లాడి పదకొండు నెలలు.

ఆగస్టులో మీరిద్దరూ వచ్చినప్పుడు నువ్వు గమనించలేదు. ఆ రెండు రోజులూ మేమిద్దరం ఒకరితో ఒకరం ఒక్క ముక్క అనుకోలేదు. బావకి కూర వెయ్యవే అని నేను నీకు చెప్పడం, నువ్వు వెయ్యడం. రేడియో మోగుతుంటే పక్కింట్లో నిశ్శబ్దం ఎవరికి వినబడుతుంది.

మీరున్న ఆ ఆదివారం సంగతి నీకు తెలుసు. కాని నా వైపునుంచి చెప్పాలి. పూజ అయ్యాక మరిది గారు గుడి వరండాలో వాచ్‌మన్‌ని పట్టుకుని రైల్లో కిటికీ సీటు గొడవ చెబుతున్నారు. పదిమంది పోగయ్యారు. నర్సమ్మ గారు నా పక్కకి వచ్చి, ఎవరమ్మా ఆ గలగలలాడే మనిషి అని అడిగారు. ఎవరో నాకు తెలియదనొచ్చు. పక్కనే నువ్వున్నావు. మా మరిది అన్నాను.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. గడియారాలాయన మరిది గారి తల మీద చెయ్యి పెట్టాడు, బేకరీ ఆవిడ ఏడ్చేసింది. హాల్లో టీ తాగుతున్న నలభై మందికీ నర్సమ్మ గారు చాటింపు వేశారు, తొమ్మిది నెలలుగా భార్యతో మాట్లాడని మనిషికి దేవుడు నోరిచ్చాడని. నిన్ను ముందుకు లాగి, మొదట ఏ మాట అన్నారమ్మా, సాక్ష్యం చెప్పు అన్నారు.

నువ్వు ఆయన వైపు చూశావు. ఆయన నీ వైపు చూశారు. తరవాత ఇద్దరూ నా వైపు చూశారు. ఆ క్షణంలో నేను నోరు విప్పి ఉంటే అందరూ నవ్వేవారు, నన్ను తిట్టేవారు, అంతటితో పోయేది. నేనేం చేశానో నీకు గుర్తుంది. స్తోత్రం అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను.

గుడినుంచి స్టేషనుదాకా మరిది గారు ఒక్క మాట మాట్లాడలేదు. రైలు ఎక్కేటప్పుడు కూడా వస్తామండీ అనలేదు. ఏడు నెలలు ఆయన నోరు తెరవాలని ప్రార్థన చేయించి, చివరికి ఆ నోరు మూయించింది నేనే.

నర్సమ్మ గారి పుస్తకంలో మీ ఆయన పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గుణం అని ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ పేజీ చూపిస్తున్నారు. వాళ్ళు అలా చూసినప్పుడల్లా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. ఈ గురువారం ఆ పేరు కొట్టేయించి నా భర్త అని రాయిస్తాను. మీ వీధిలో అడిగేవాళ్ళకి చూపించడానికి ఈ ఉత్తరం దాచుకో. మరిది గారికి చదివి వినిపించు. ఆయన నన్ను ఏమైనా అంటే పూర్తిగా అననివ్వు, మధ్యలో అడ్డు వెళ్ళకు.

తలెత్తుకోలేక,
మీ అక్క

తా.క. సంతకం పెట్టి, కవరు అంటించబోయి ఆగిపోయాను. మీ బావ నాతో మాట్లాడటం లేదని పైన రాశాను చూడు, అదీ అబద్ధమే. మాట్లాడనిది నేను.

నవంబరులో నేను తప్పు చదివిన రోజు గుడిలో ముందుగా నవ్వింది మీ బావ. ఆపుకోలేక పకాలున నవ్వారు, ఆయన్ని చూసి మిగతావాళ్ళు. ఇంటికి రాగానే తప్పయిపోయిందే అన్నారు. మర్నాడూ అన్నారు, ఆ మర్నాడూ అన్నారు. నేను పలకలేదు. ఒక వారం ఏడిపిద్దామనుకున్నాను. వారం దాటాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఉప్పు డబ్బా కింద చీటీలు రాసేది నేను. ఆయన రోజూ తెల్లవారుజామున గుమ్మంలో నిలబడి, వెళ్ళొస్తానే అని, కాసేపు ఆగి వెళ్తారు. ఆ ఆగడం గురించి మాత్రం గుంపులో ఎప్పుడూ చెప్పలేదు. కాబట్టి గురువారం పుస్తకంలో రాయించాల్సింది ఆయన పేరు కాదు, నాది.

ఈ కాగితాలు చింపేసి మళ్ళీ శుభ్రంగా రాయొచ్చు. కాని తప్పయిందని చెప్పే ఉత్తరంలో కూడా నా చెయ్యి నేరాన్ని పక్కవాళ్ళ మీదికి ఎంత సులువుగా తోసేసిందో నువ్వు చూడాలి.

ఇంట్లో స్టాంపులు లేవు. మీ బావకి రేపు పోస్టాఫీసు దారిలోనే డ్యూటీ. ఇంకో గంటలో వస్తారు. కవరు మీద ఒక చీటీ పెట్టి ఉప్పు డబ్బా పక్కన ఉంచడం నాకు బాగా అలవాటైన పని. ఈసారి చీటీ రాయను. ఈ ఉత్తరం నీ చేతికి అందిందంటే, ఇది చెల్లికి పోస్టు చెయ్యండి అని నేను ఆయనతో నోటితో చెప్పానన్నమాట.